సగపాలు రైతు ఇంట వారం రోజుల విడిది

విహార వీథి



విహారయాత్ర అనగానే మనలో చాలమందికి ముందుగా స్ఫురించేవి ఎల్‌.టి.సి. దరఖాస్తు, రైలు రిజర్వేషను, సంస్థ విడిది గృహంలో గది దొరుకుతుందో లేదో అన్న ఆదుర్దా. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు వెళ్ళే యాత్రకు ఈ ఏర్పాట్లు చాలు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వారి సంతానం, వృద్ధులైన తల్లిదండ్రులు కలసి పది పన్నెండు మంది బయలుదేరినప్పుడే చిక్కు వస్తుంది. హోటలులో ఆరు గదులు తీసుకుంటే రాత్రి అయ్యేసరికి ఆరు తలుపులు మూసుకుంటాయి. అందరూ కలసి వెళ్ళినమాట నిజమే గాని, కలసి ఉన్న అనుభూతి మిగలదు.

ఈ చిక్కుకు ఐరోపా దేశాలలో బహుళ ప్రచారంలో ఉన్న పరిష్కారం ఒకటున్నది. పల్లెపట్టున పొలాల నడుమనున్న ఒక పెద్ద ఇంటిని మొత్తంగా వారం రోజులకు అద్దెకు తీసుకోవడం. వంటిల్లు, పడకగదులు, వరండా, తోట, అన్నీ ఆ వారం మనవే. ఇటువంటి ఇళ్ళకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన ప్రాంతం ఇటలీ దేశంలోని టస్కనీ. ఉద్యోగరీత్యా ఐరోపాలో స్థిరపడిన తెలుగువారు స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులను, తోబుట్టువులను వెంటబెట్టుకొని ఇటువంటి ఇళ్ళలో నాలుగు రోజులు గడపడం నేడు వింత కాదు.

అయితే ఈ నెల ఆ ఇళ్ళను గురించి ముచ్చటించడానికి అంతకన్న బలమైన కారణం మరొకటి ఉన్నది. నేడు యాత్రికులు మెచ్చుకుంటున్న ఆ సొగసైన ఇళ్ళు ఒకప్పుడు రైతులు ఖాళీ చేసి వెళ్ళిన ఇళ్ళు. వారు వెళ్ళినది కర్మాగారాలలో పనికి. మన సంస్థల టౌన్‌షిప్‌లలో నివసించే కుటుంబాలలో అనేకం అదే దారిన వచ్చినవి. కనుక ఆ ఇళ్ళ కథలో మనకు సంబంధించిన మాట కూడా ఉన్నది.

పొలం నడుమ ఇల్లు

ఫ్లోరెన్సు, సియెనా నగరాల మధ్యనున్న కియాంతి కొండలలో గాని, సియెనాకు దక్షిణాన ఉన్న ఓర్చా లోయలో గాని ప్రయాణించేవారికి మెట్టకొక ఇల్లు చొప్పున రాతి కట్టడాలు కనిపిస్తాయి. మన పల్లెలలో ఇళ్ళన్నీ ఒకచోట, పొలాలు మరొకచోట ఉండడం పరిపాటి. అక్కడ పొలం ఎక్కడ ఉంటే ఇల్లు అక్కడే. ఒక్కొక్క కమతానికి ఒక్కొక్క ఇల్లు. దాని చుట్టూ గోధుమ చేను, ద్రాక్షతోట, ఆలివ్ చెట్లు. ఇంటికి చేరే బాటకు ఇరువైపుల సన్నగా, పొడుగ్గా పెరిగిన సైప్రస్ చెట్లు. ఈ పొందిక నిన్న మొన్నటిది కాదు. సియెనా నగర సభాభవనం గోడలపై అంబ్రోజియో లొరెంజెత్తి అనే చిత్రకారుడు 1338-39 సంవత్సరాలలో సుపరిపాలన ఫలితాలను చిత్రించినప్పుడు, నగరంతోబాటు దాని వెలుపలి పల్లెసీమను, అందులో దున్నకాలను, కోతలను, నూర్పిళ్ళను కూడ చూపినాడు. ఓర్చా లోయను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. అక్కడ వారసత్వంగా గుర్తింపు పొందినది ఏదో ఒక కోట గాని, ఆలయం గాని కాదు. తరతరాల సేద్యం తీర్చిదిద్దిన నేల.

ఆ ఇల్లు సాధారణంగా రెండంతస్తులది. క్రింది అంతస్తు మనుషులది కాదు, పశువులది. ఎద్దుల కొట్టం, ద్రాక్షసారా పీపాలు, పనిముట్లు, ధాన్యం అన్నీ అక్కడే. వెలుపలి నుండి రాతిమెట్లు ఎక్కితే కమానులతో కూడిన చిన్న పంచ, దానిని దాటగానే విశాలమైన వంటిల్లు. ఆ ఇంటికి గుండెకాయ ఈ వంటిల్లే. మనుషులు లోపలికి వెళ్ళి కూర్చోగలిగినంత పెద్ద పొయ్యి, బారెడు పొడవు బల్ల, చుట్టూ పడకగదులు. శీతకాలంలో క్రింది కొట్టంలోని పశువుల వెచ్చదనం పై గదులకు ప్రాకేది. కొన్ని ఇళ్ళకు కప్పుపై గోపురంవంటి పావురాల గూడు ఉంటుంది; పావురాలు మాంసానికీ, వాటి రెట్ట ఎరువుకూ ఉపయోగపడేవి. ఇంటి ముందు రాళ్ళో ఇటుకలో పరచిన కళ్ళం, ప్రక్కన రొట్టె కాల్చే పొయ్యి, బావి. 1765 నుండి 1790 వరకు టస్కనీని ఏలిన పియెత్రో లెయొపోల్దో ప్రభువు కాలంలో కియానా లోయలో బాగుచేసిన చిత్తడి నేలలలో ఇటువంటి ఇళ్ళను ఒక పద్ధతి ప్రకారం కట్టించినారు. ఆయన పేరుమీదనే వాటిని నేటికీ ‘లెయొపోల్దీనె’ అంటారు.

కొట్టంలో ఉన్న ఎద్దులు కూడ చెప్పుకోదగినవే. కియానీనా జాతి అనే ఆ పశువులు మన ఒంగోలు గిత్తలవలె తెల్లనివి, ఎత్తైనవి. ట్రాక్టరు వచ్చేవరకు ఆ కొండనేలలను దున్నినవి అవే.

నేడు అద్దెకు లభించే ఇంటిలో ఈ భాగాలన్నీ గుర్తుపట్టవచ్చును. ఎద్దుల కొట్టం భోజనశాల అయినది. గోడవెంబడి పశువుల గాడి అలాగే ఉన్నది. కళ్ళంలో కుర్చీలు వేసినారు. పావురాల గూడు పిల్లలు పోటీపడే పడకగది అయినది. కాల్చిన మట్టి పలకల నేల, చెస్ట్‌నట్ దూలాలు, సున్నం వేసిన తెల్లని గోడలు, ఇనుప మంచాలు, ముతక నార దుప్పట్లు. ఇంటి వెనుక ఈతకొలను ఒక్కటే కొత్తది. ఒకనాడు పేదరికం వలన ఏర్పడిన నిరాడంబరతనే నేడు సొగసుగా భావించి మనుషులు డబ్బు చెల్లించి అనుభవిస్తున్నారు.

సగం భూస్వామిది, సగం రైతుది

ఇంత పెద్ద ఇల్లు రైతుకు ఎందుకు కట్టించినారన్న ప్రశ్న ఉదయించడం సహజం. ఆ ఇల్లు రైతుది కాదు. మధ్యయుగాల నుండి ఇరవయ్యవ శతాబ్ది మధ్యవరకు టస్కనీలో సాగినది ‘మెజ్జాద్రియా’ అనే పద్ధతి. ఆ మాటలో ఇమిడి ఉన్న అర్థమే ‘సగం’. భూమి, ఇల్లు భూస్వామివి, శ్రమ రైతు కుటుంబానిది, పంటలో చెరిసగం. మన పల్లెలలో పాలుకు చేయడం, సగపాలు సేద్యం అన్నవి ఎరిగినవారికి వేరే వివరణ అక్కరలేదు.

కమతం ఎంత ఉంటే దానిని దున్నే చేతులు అన్ని ఉండాలి. అందుచేత రైతు కుటుంబం ఉమ్మడి కుటుంబం కావలసివచ్చినది. పది పదిహేను మంది ఒక కప్పు క్రింద ఉండేవారు. బయటి పనులకు, బేరసారాలకు, భూస్వామితో మాటకు ఇంటి యజమాని అధికారి. అతనిని ‘కపోచ్చా’ అనేవారు. వంటిల్లు, కోళ్ళు, గుడ్లు, బట్టలు, పిల్లలు ఇంటి పెద్ద ఇల్లాలి పాలనలో ఉండేవి, ఆమె ‘మస్సాయా’. ఇంట్లో పెళ్ళి జరగాలన్నా భూస్వామి సమ్మతి కావాలని ఒడంబడికలుండేవి. నోళ్ళు పెరిగితే కమతం చాలదు, చేతులు తగ్గితే సేద్యం సాగదు అన్నది భూస్వామి లెక్క. పండుగ దినాలలో గుడ్లు, కోళ్ళు భూస్వామి ఇంటికి చేర్చడం కూడ రైతు విధులలో ఒకటి. ఖాతా పుస్తకం భూస్వామి గుమాస్తా చేతిలో ఉండేది. చెడ్డ పంట వచ్చిన యేడు రైతు అప్పు ఆ పుస్తకంలో ఒక మెట్టు పైకెక్కేది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం రైతులు ఈ చెరిసగాన్ని ప్రశ్నించినారు. 1946-47లో ప్రధానమంత్రి దె గాస్పెరి మధ్యవర్తిత్వంతో రైతు వాటా నూటికి 53 అయినది. సరిగా ఆ రోజులలోనే మన బెంగాలులో సగపాలు రైతులు మూడింట రెండు వంతులు తమకే చెందాలని తెభాగా ఉద్యమం నడిపినారు. ఖండాలు వేరైనా కళ్ళంలో తగవు ఒక్కటే. ఇటలీలో 1964 సెప్టెంబరు నాటి శాసనం రైతు వాటాను 58కి పెంచి, కొత్తగా సగపాలు ఒడంబడికలు వ్రాసుకోవడాన్ని నిషేధించినది. మిగిలిన పాత ఒడంబడికలను కౌలుగా మార్చుకోవడానికి 1982లో మరొక శాసనం వచ్చినది.

కర్మాగారం పిలుపు

శాసనం రైతు ప్రక్కకు వచ్చేసరికి రైతు అక్కడ లేడు. 1950, 60 దశాబ్దాలలో ఇటలీ పారిశ్రామికంగా ఒక్కసారిగా ముందుకు సాగినది. టస్కనీలోని ప్రాతో పట్టణపు ఉన్ని మగ్గాలు, పొంతెదేరాలోని పియాజ్జియో స్కూటరు కర్మాగారం, సముద్రతీరాన ఉన్న పియొంబీనో ఉక్కు కొలుములు మనుషులను పిలిచినవి. 1946లో పొంతెదేరాలో పుట్టిన వెస్పా స్కూటరును 1960లలో మన దేశంలో బజాజ్ సంస్థ లైసెన్సుపై తయారుచేసిన సంగతి పాతతరం ఉద్యోగులకు విదితమే. పియొంబీనో ఉక్కు కర్మాగారాన్ని 2018లో మన దేశానికి చెందిన జె.ఎస్‌.డబ్ల్యు. స్టీల్ సంస్థ కొనుగోలు చేసినది. ఉక్కు రంగంలో పనిచేసే మిత్రులకు ఇది ఆసక్తికరమైన విషయం.

యువకులు నెల జీతానికి వెళ్ళినారు. యువతులు విద్యుద్దీపం, కుళాయి నీరు ఉన్న ఇంటినే కోరుకున్నారు. పొలం నడుమ ఒంటరి ఇంటిలో, అత్తగారి అజమాయిషీలో, భూస్వామి కనుసన్నలలో బ్రతకడానికి కోడలుగా వెళ్ళేందుకు ఎవరూ ఇష్టపడలేదు. ఏడు వందల ఏండ్లుగా నిలచిన పద్ధతి రెండు దశాబ్దాలలో కూలిపోయినది. కొండలమీద ఇళ్ళు తలుపులు వేసుకున్నవి. కప్పు పెంకులు జారిపోయినవి. కొట్టాలలో పిచ్చిమొక్కలు మొలచినవి.

ఈ వాక్యాలు వ్రాస్తున్నప్పుడు భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ గుర్తుకు రాక మానవు. ఆ మూడు కర్మాగారాలలోను 1959లో కొలుములు వెలిగినవి. ఇటలీ రైతు ప్రాతోకు, పొంతెదేరాకు నడచిన సంవత్సరాలలోనే మన రైతు బిడ్డలు శిక్షణార్థులుగా, ఖలాసీలుగా, గుమాస్తాలుగా ఆ ఊళ్ళకు రైలెక్కినారు. అటు తరువాత హైదరాబాదు, విశాఖపట్నం, రామగుండం. వెళ్ళినవారు తప్పుచేసినట్లు ఎవరూ అనలేరు. చదువు, వైద్యం, గౌరవం వెదుక్కుంటూ వెళ్ళినారు, దొరికించుకున్నారు. వెనుక మిగిలిన ఇల్లు మాత్రం ఆ లెక్కలో ఎక్కడా చేరలేదు.

మోడు చిగిర్చినది

ఖాళీ ఇళ్ళకు మొదటి గిరాకీ బయటినుండి వచ్చినది. ఆంగ్లేయులు, జర్మనులు, అటుపై అమెరికనులు వాటిని కొని బాగుచేసుకొని, తాము ఉండని నెలలలో అద్దెకిచ్చినారు. కొర్తోనా పట్టణం వద్ద తాము కొన్న ఇంటిని గురించి ఒక అమెరికన్ రచయిత్రి 1996లో వ్రాసిన గ్రంథం ప్రపంచమంతటా అమ్ముడుపోయి ఈ ఇళ్ళ కీర్తిని మరింత పెంచినది.

కాని రైతులే అతిథులకు ఇల్లు ఇవ్వడం అన్న ఆలోచన అంతకంటె పాతది. వ్యవసాయదారుల ఆధ్వర్యాన ‘అగ్రితురిస్త్’ అనే సంఘం 1965లోనే ఏర్పడినది. రెండు దశాబ్దాల తరువాత, 1985 డిసెంబరు 5వ తేదీన, ఇటలీ పార్లమెంటు ‘అగ్రితురిజ్మో’కు ఒక శాసనం చేసినది. వ్యవసాయం, విహారం అన్న రెండు మాటలను కలిపి చేసిన పేరు అది.

ఆ 1985 సంవత్సరం టస్కనీ రైతులు మరచిపోలేనిది. జనవరిలో కనీవినీ ఎరుగని చలి విరుచుకుపడినది. కొన్నిచోట్ల ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు జారినది. లక్షలాది ఆలివ్ చెట్లు నిలువునా మాడిపోయినవి. రైతులు చెట్లను మొదలంటా నరికినారు. వేళ్ళు చావలేదు. మోళ్ళ చుట్టూ పిలకలు లేచినవి. నేడు ఆ తోటలలో ఒకే మొదలు నుండి మూడు నాలుగు కాండాలు గుత్తిగా పెరిగిన చెట్లు కనబడితే, అవి ఆ చలినాటి గుర్తులని గ్రహించవచ్చును. నూనె పంట తిరిగి చేతికి వచ్చేందుకు యేండ్లు పట్టినది. అటువంటి కాలంలో అతిథి ఇచ్చే అద్దె సొమ్ము రైతుకు ఎంత ఆసరా కాగలదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ శాసనంలోని కీలకమైన షరతు ఒక్కటే. అతిథులకు ఇల్లు ఇవ్వడం సేద్యానికి అనుబంధంగా ఉండాలి. ప్రధాన వృత్తి సేద్యమే కావాలి. పాత చట్టం స్థానంలో 2006 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త శాసనం దీనిని మరింత స్పష్టం చేసినది. సేద్యం ప్రధానమా కాదా అన్నదానిని ముఖ్యంగా ఏ పనికి ఎంత కాలం వెచ్చించినారన్న లెక్కతో నిర్ణయిస్తారు. అతిథులు పదిమందికి మించకపోతే సేద్యమే ప్రధానమని భావిస్తారు. అతిథులకోసం కొత్త భవంతులు లేపకుండా, కమతంలో అప్పటికే ఉన్న కట్టడాలను వాడుకోవాలి. వడ్డించే ఆహారంలో గణనీయమైన భాగం సొంత పొలంలోనిది, ఆ ప్రాంతపు పొలాలలోనిది కావాలి. ఈ నియమాల నీడన నేడు ఇటలీలో 25 వేలకు పైగా ఇటువంటి కమతాలు నడుస్తున్నవి. వాటిలో ఐదు వేలకు పైగా ఒక్క టస్కనీలోనే ఉన్నవి.

కనుక వెలుపల ఒకేలా కనిపించే రాతి ఇళ్ళు నిజానికి రెండు రకాలు. ఒకటి పొలం ఇంకా బ్రతికి ఉన్న ఇల్లు. రెండవది పొలం పోయి, గోడలు మాత్రమే మిగిలి, యాత్రికులకోసం అలంకరించిన ఇల్లు. రెండింటిలోను పరుపులు మెత్తగానే ఉంటాయి. కాని మొదటిదానిలో తెల్లవారి కిటికీ తెరిస్తే ట్రాక్టరు చప్పుడు వినిపిస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ద్రాక్ష కోత, ఆపై నవంబరువరకు ఆలివ్ ఏరుబడి కంటబడుతుంది. రెండవదానిలో తోటమాలి గడ్డి కత్తిరించే చప్పుడు మాత్రమే ఉంటుంది. చెల్లించే సొమ్ము మొదటి ఇంటికి చేరితే ఒక కొండచరియమీద సేద్యం మరొక యేడు నిలుస్తుంది.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు

సాధారణంగా మన ఎల్‌.టి.సి. దేశపు పొలిమేర దాటదు గనుక ఈ యాత్ర సొంత ఖర్చు మీదనే. అయినా పిల్లల వద్దకు ఐరోపా వెళ్ళే ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు కొన్ని విషయాలు తెలిసి ఉండడం మంచిది.

ఇళ్ళను వేసవిలో సాధారణంగా శనివారం నుండి శనివారం వరకు, వారం లెక్కన ఇస్తారు. అందరికీ సెలవులైన ఆగస్టులో ఎండ హెచ్చు, అద్దె హెచ్చు. మే నెలలో పొలాలు పచ్చగా, గసగసాల జాతి ఎర్రపూలతో నిండి ఉంటాయి. చెప్పిన అద్దెలో ఏవి చేరినవి, ఏవి చేరలేదు అన్నది ముందే వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. చివరినాటి శుభ్రతకు, చలికాలంలో గదులు వెచ్చబరచడానికి, దుప్పట్లకు వేరే రుసుము ఉండవచ్చును. పాడైన వస్తువులకు పూచీగా డిపాజిట్టు అడుగుతారు. చాలా ఊళ్ళలో తలకు, రాత్రికి ఇంత అని పన్ను కూడ ఉంటుంది. అతిథులందరి పాస్‌పోర్టు వివరాలను పోలీసు శాఖకు తెలియజేయడం ఇంటి యజమానికి చట్టరీత్యా విధి, అడిగినప్పుడు అనుమానపడనక్కరలేదు.

పొలం నడుమ ఇల్లంటే బస్సు ముంగిటికి రాదని అర్థం. కారు తప్పనిసరి. మన డ్రైవింగు లైసెన్సుతోబాటు బయలుదేరే ముందే ఇక్కడ అంతర్జాతీయ అనుమతిపత్రం తీసుకోవాలి. ఫ్లోరెన్సు, సియెనావంటి పాత నగరాల నడిబొడ్డున బయటి కార్లకు ప్రవేశం నిషిద్ధం. కెమెరాలు బండి సంఖ్యను పట్టుకుంటాయి. ఇంటికి తిరిగివచ్చిన కొన్ని నెలలకు జరిమానా కాగితం వస్తుంది. కారును ఊరి వెలుపల నిలిపి నడచి వెళ్ళడం ఉత్తమం.

పెద్దలు వెంట ఉంటే మెట్ల సంగతి తప్పక అడగాలి. పాత రైతు ఇంటిలో నివాసం పై అంతస్తులోనే. రాతిమెట్లు ఎత్తుగా, అరిగిపోయి ఉంటాయి. క్రింది అంతస్తులో, పాత కొట్టంలో, స్నానపు గదితో కూడిన పడకగది ఒకటైనా ఉన్న ఇంటినే ఎన్నుకోవాలి. చిన్నపిల్లలుంటే ఈతకొలనుకు కంచె ఉన్నదా అని విచారించాలి. గదులన్నీ సమానంగా ఉండవు. ఎవరికి ఏ గది అన్నది, ఖర్చు తలకు లెక్కనా కుటుంబానికి లెక్కనా అన్నది ఇక్కడే తేల్చుకొని వెళితే అక్కడ ముఖాలు ముడుచుకోవలసిన అవసరం రాదు.

వంటింటి మాట

మొత్తం ఇల్లు తీసుకోవడంలోని పెద్ద సౌకర్యం వంటిల్లు. పెద్ద ప్రమాదం కూడ అదే. పన్నెండు మందికి ఉదయం ఫలహారం, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం ఇంటి ఆడవారే వండవలసివస్తే, వారు టస్కనీ వచ్చినది పొయ్యి మార్చడానికే అవుతుంది. ఒకనాడు ఆ వంటింటిలో మస్సాయా పదిహేను మందికి వండినది. ఆమెకు సెలవు లేదు. ఆమె కోడళ్ళు ఆ ఇంటిని విడిచిపోవడానికి గల కారణాలలో ఆ పొయ్యి కూడ ఒకటి. ఆమె నిలుచున్న చోటనే మన తోడికోడళ్ళను, వదినామరదళ్ళను నిలబెట్టి, దానిని విహారయాత్ర అనడం న్యాయం కాదు. వంతులు వేసుకోవాలి, బావగార్లు, మరదులు, కాలేజీ చదువుతున్న పిల్లలు అందరికీ ఆ వంతులలో పేరు ఉండాలి. వారంలో రెండు మూడు పూటలు ఇంటి యజమానురాలిచేతనో, ఊరి వంటమనిషిచేతనో వండించుకోవాలి. అగ్రితురిజ్మో ఇళ్ళలో చాలచోట్ల ఈ ఏర్పాటు ఉంటుంది.

శాకాహారులు భయపడనక్కరలేదు. టస్కనీ రైతు భోజనం పేదవాని భోజనం. అందులో మాంసం అరుదు. ఆ ప్రాంతీయులకు చిక్కుడుగింజలు తినేవారన్న ఎకసక్కెపు పేరే ఉన్నది. చిక్కుడుగింజలు, నల్లని ఆకుకూర, నిలవ రొట్టె కలిపి ఉడికించే ‘రిబొల్లీతా’, టమాటాలో నానిన రొట్టెతో చేసే ‘పప్పా’, వేసవిలో ఉల్లి, దోసకాయ, తులసి జాతి ఆకు కలిపిన చల్లని రొట్టె వంటకం, శనగపిండి అట్టు, ఇవన్నీ మన నాలుకకు దూరమైనవి కావు. ఏ వంటకం మాంసపు రసంలో ఉడికినదో అడిగి తెలుసుకోవడం మాత్రం అవసరం. అక్కడి రొట్టెలో ఉప్పు ఉండదు. అది వంటవాని మరపు కాదు, ప్రాంతీయ సంప్రదాయం. ఇటలీ ఉత్తర భాగంలో వరి పండుతుంది గనుక బియ్యం ప్రతి అంగడిలోను దొరుకుతుంది. పెరుగన్నానికి లోటు రాదు. ఆవకాయ జాడీ మాత్రం మనమే చూచుకోవాలి.

మన ఊరి ఇల్లు

ఇక మన మాట. గోదావరి జిల్లాలలోని మండువా లోగిళ్ళు తలచుకోండి. నాలుగు వైపుల వసారాలు, నడుమ ఆకాశానికి తెరచిన ముంగిలి, వానపడితే నాలుగు చూరుల నీరు ఆ ముంగిటిలోకే దిగుతుంది. టస్కనీ ఇంటివలెనే అదీ ఉమ్మడి కుటుంబానికి కట్టిన ఇల్లు. ఒకరిద్దరికోసం ఊడ్చి తుడుచుకోవడం సాధ్యం కాదు. వారసులు నలుగురు నాలుగు ఊళ్ళలో. ఒకరు సంస్థ క్వార్టర్సులో, ఒకరు హైదరాబాదు ఫ్లాటులో, ఒకరు విదేశంలో. ఇంటికి తాళం. పెంకు జారిన చోట చెమ్మ, చెమ్మ పట్టిన చోట చెద. ఆఖరుకు స్తంభాలు, ద్వారబంధాలు విడివిడిగా అమ్ముడుపోతాయి. తమిళనాడులోని చెట్టినాడు భవంతుల సామగ్రి కారైక్కుడి పాతసామాను అంగళ్ళలో బేరానికి ఉండడం చూచినవారికి ఈ అంతం ఎలా ఉంటుందో తెలుసు.

మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో వ్యవసాయ విహారానికి ప్రత్యేక విధానం ప్రకటించినది. కేరళలో ఇంటి వసతి పద్ధతి బాగా వేళ్ళూనుకున్నది. అన్ని పాత ఇళ్ళనూ అద్దె విడుదులు చేయడం జరిగే పని కాదు. చేయనక్కరలేదు కూడ. యాత్రికుడు రాని ఊరిలో పెట్టిన పెట్టుబడి తిరిగి రాదు. కాని ఇటలీ అనుభవం నుండి ఒక మాట నిశ్చయంగా గ్రహించవచ్చును. ఇంటిని గోడలు నిలబెట్టవు. ఆ ఇంటితో ముడిపడిన పని నిలబెడుతుంది. కొబ్బరితోటో, వరిచేనో, మామిడితోటో ఇంకా సాగుతున్నచోట, దానిని సాగుచేస్తున్న కౌలురైతు కుటుంబం ఆ ఇంటిని కనిపెట్టుకొని ఉండే ఏర్పాటు చేయవచ్చును. వచ్చిన ఆదాయంలో వారికి న్యాయమైన వాటా ఉండాలి. టస్కనీలో చెరిసగం లెక్క నచ్చకనే రైతు ఇల్లు వదిలినాడన్నది మరువరాదు.

అద్దె సంగతి అటుంచి, వారసులు నలుగురూ ఒక చిన్న ఒప్పందం వ్రాసుకోవచ్చును. కప్పు మరమ్మతుకు ఏటేటా తలా ఇంత. సంక్రాంతికో, వేసవి సెలవులకో అందరూ కలసి ఆ ఇంటనే వారం రోజులు. వంట వంతులు పైన చెప్పినట్లే. ఊరికి వెళ్ళే దారి ఖర్చుకు స్వస్థలపు ఎల్‌.టి.సి. ఉండనే ఉన్నది. పరదేశంలో పరుల ఇంటిని వారానికి ఇంత అని చెల్లించి అనుభవించే సుఖంలో చాలా భాగం, అంటే ఒకే బల్ల వద్ద భోజనం, పిల్లలందరూ వరుసగా పడుకునే గది, పెద్దల కబుర్లు, తెల్లవారి చేనుగట్టున నడక, అదంతా ఆ తాళం వెనుకనే ఉన్నది.

మన తల్లిదండ్రులు ఆ ఇంటిని విడిచి రావడానికి తగిన కారణాలున్నవి. మన పిల్లలు దానిని ఎన్నడూ చూడకుండా పోవడానికి మాత్రం అటువంటి కారణమేదీ లేదు. ఈ యేడు సెలవుల పట్టిక వ్రాసుకొనే ముందు తోబుట్టువులకు ఒక మాట చెప్పి, తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో విచారించండి.